సన్మానం అన్నాం, పిల్లోడు రావడం మానేశాడు

ప్రశ్న: నాకు 64 ఏళ్ళు. కర్నూలులో జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మూడేళ్ళుగా ఆదివారం పొద్దున ఓ పదిహేను మందిమి సైకిళ్ళు తీసుకుని బయల్దేరుతున్నాం. ఐదున్నరకు సి.క్యాంపు సెంటర్లో కలుస్తాం. ఒకవారం జగన్నాథగట్టు, ఇంకోవారం కేసీ కాలువ గట్టు, ఓపికుంటే ఓర్వకల్లు రాక్ గార్డెన్. కొందరివి గేర్ల సైకిళ్ళు, నాలాంటివాళ్ళవి పాత నల్ల సైకిళ్ళు. పాతవాటిని విప్పి బాగుచేసుకోవడం కూడా మా పిచ్చిలో భాగమే.

ఈ ఏడాది ముగ్గురు పిల్లలు మాతో కలిశారు. ఒకబ్బాయి డిప్లొమా చదువుతున్నాడు, 19 ఏళ్ళు. 2009 అక్టోబర్ వరదలో మా పాత ఇంట్లో మునిగి, అప్పట్నుంచి మిద్దె మీద తుప్పుపట్టి పడున్న మా నాయన రాలీ సైకిలును నెలరోజులు సాయంత్రాలు కూర్చుని మళ్ళీ నిలబెట్టాడు. చైన్ కవర్ లోపలివైపు వరద బురద గీత ఒకటి ఉండిపోయింది. "సార్, ఇది తుడిచేయమంటారా, ఉంచమంటారా?" అని అడిగాడు. ఉంచమన్నాను. రెండో ఆమె డిగ్రీ అమ్మాయి. మా అందరికంటే జోరుగా తొక్కగలదు, అయినా మోకాళ్ళ నొప్పులున్న మా మిత్రుడి వెనకాలే వస్తుంది. మూడో అబ్బాయికి 16 ఏళ్ళు, వాళ్ళది పంక్చర్ షాపు. అందరి సైకిళ్ళకూ గాలి, బ్రేకులు చూసిపెడతాడు. డబ్బులిస్తే తీసుకోడు. ఈ కాలంలో ఇలాంటి పిల్లలు ఎక్కడున్నారు చెప్పండి!

అందుకే ముగ్గురికీ కొండారెడ్డి బురుజు దగ్గర శాలువా కప్పి, మెమెంటో ఇచ్చి సన్మానం చేద్దామనుకున్నాం. ఫ్లెక్సీకి అడ్వాన్సు కూడా ఇచ్చేశాం. వాట్సాప్‌లో ఆ సంగతి పెట్టిన దగ్గర్నుంచి డిప్లొమా అబ్బాయి రావడంలేదు. రెండు ఆదివారాలైంది. ఫోన్ చేస్తే "పనుంది సార్" అంటాడు. మాలో ఒకాయన "పొగిడితే నెత్తికెక్కుతారని ముందే చెప్పలేదా" అని దెప్పుతున్నాడు. మేం చేసిన తప్పేంటి? మంచి పిల్లల్ని మెచ్చుకోకూడదా? ఇంకోమాట, ఆ రాలీ సైకిలు ఆ అబ్బాయికే ఇచ్చేద్దామని ఉంది. బెంగళూరులో ఉన్న మావాడికి ఇంకా చెప్పలేదు.

ఒక పాఠకుడు, కర్నూలు

సమాధానం: సార్, మీ ఉత్తరం చదివితే ముందు నవ్వొచ్చింది, తర్వాత ఆ అబ్బాయి మీద జాలేసింది. ఫ్లెక్సీ మాట వింటే నేనైనా ఆ ఆదివారం ఊళ్ళో ఉండను.

ఒక్కసారి అతని వైపు నుంచి చూడండి. డిప్లొమా చదివే కుర్రాడు. వాళ్ళ క్లాసులో సగంమంది బురుజు ముందునుంచే పోతుంటారు. అక్కడ ఆరడుగుల బొమ్మ, దాని కింద మర్యాదస్తుడనో ఆణిముత్యమనో పెద్దక్షరాలు, చుట్టూ మీ పదిహేనుమందివీ గుండ్రటి ఫోటోలు. ఇక చదువయ్యేదాకా అతన్ని పేరుపెట్టి పిలిచేవాడుండడు. "ఏమప్పా ఆణిముత్యం, టీ తాగొద్దామా?" అనే. మీరు ముప్పైయేళ్ళు కాలేజీలో ఉన్నారు, ఆ వయసు పిల్లలు ఒకరికొకరు పెట్టుకునే పేర్లు ఎంతకాలం అంటుకుని ఉంటాయో నాకంటే మీకే బాగా తెలియాలి.

శాలువా సంగతి వేరే చెప్పాలా? మన ఊళ్ళలో శాలువా ఎప్పుడు కప్పుతారు? రిటైరైన రోజు. మీకూ కప్పే ఉంటారు, ఇక రేపట్నుంచి రానక్కర్లేదని. ఈ అబ్బాయికి కప్పుతామన్నారు, రావడం మానేశాడు. పద్ధతి తెలిసినవాడే!

నవ్వులాటకు అన్నాను గానీ, అసలు ఇబ్బంది ఫ్లెక్సీలో లేదు. ఇంతకాలం అతను వచ్చింది సైకిళ్ళ కోసం. తొక్కడం ఇష్టం, విప్పడం ఇష్టం, తుప్పులోంచి ఒక పాత బండి బయటికి రావడం చూస్తే సరదా. మీతో మర్యాదగా ఉన్నాడంటే అది ఇంట్లో అలవాటు, ప్రత్యేకంగా చేసిన పని కాదు. మీరు దానికి మార్కులేసి స్టేజీ ఎక్కిస్తామన్నారు. శాలువా కప్పించుకున్న మర్నాటి నుంచి ఆ అలవాటు కాస్తా డ్యూటీ అయి కూర్చుంటుంది. ఒకరోజు ఆలస్యంగా వస్తే, నలుగురిలో గట్టిగా నవ్వితే, ఎప్పుడో ఒకసారి విసుక్కుంటే "సన్మానం చేయించుకున్నోడు చూడు" అంటారు. మీరనకపోవచ్చు, దెప్పుతున్నాడన్నారే ఆ పెద్దమనిషి, ఆయన మాత్రం తప్పకుండా అంటాడు.

ఆయన్ని తీసిపారేయకండి. ఆయన చెప్పింది పాతమాటే. బిడ్డని ఎదురుగా పొగిడితే ఆయుక్షీణమని మన జేజిలు అనేవాళ్ళు. గురువును ముఖం ముందరే పొగడచ్చు, స్నేహితుల్ని చాటున, పనివాళ్ళని పనయ్యాక, కన్నబిడ్డల్ని మాత్రం ఎప్పుడూ వద్దని సంస్కృతంలో శ్లోకమే ఉంది. ఆ లెక్కన పెరిగినవాళ్ళం కాబట్టే మనకి మెచ్చుకోవడం చేతకాదు. ఏళ్ళతరబడి నోరు మెదపం, తర్వాత ఒకేసారి మైకు పట్టుకుంటాం. మధ్యలో ఇంకేదీ ఉండదు. మీరు పడిన ఇబ్బంది కూడా ఇదేననుకుంటాను.

మధ్యలో ఏముంటుందో చెప్పడానికి మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చిన చోటు పట్టుకుంటాను, ఆ బురద గీత.

నల్ల సైకిలుకు ముందుచక్రంలో 32, వెనకచక్రంలో 40 పుల్లలుంటాయి. మొత్తం 72. వరదలో మునిగి, అన్నేళ్ళు కర్నూలు ఎండలో మిద్దె మీద పడున్న చక్రం అది. దాన్ని మళ్ళీ లైనుకు తేవాలంటే ఒక్కో పుల్ల చివర నట్టును ఎంత బతిమాలి ఉండాలి! కొంచెం గట్టిగా తిప్పితే పుల్ల టక్కున విరుగుతుంది. అంత చాకిరీ చేసినవాడికి చైన్ కవర్ లోపల గీత తుడవడం ఒక లెక్కా? గరుకు కాగితం పెట్టి రెండు రుద్దులు రుద్దితే పోయేది. పైగా అది లోపలివైపు, ఎవరికీ కనబడదు. ఎవరైనా మురికేననుకుంటారు. అతను ఆగి అడిగాడు.

2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరిమీదికి వచ్చినప్పుడు ఆ అబ్బాయి పాలు తాగే బిడ్డో, తప్పటడుగులేసేవాడో అయ్యుంటాడు. అతనికి ఆ వరద జ్ఞాపకముండే వీల్లేదు. అయినా ఆ గీత మీ ఇంటిదని, మీ నాయన కాలానిదని, దాన్ని ఉంచాలో తీసేయాలో చెప్పాల్సింది మీరేనని అతనికి తట్టింది. మీకు నమస్కారం పెట్టడం, సార్ అని పిలవడం ఎవరైనా నేర్పితే వచ్చేవే. ఇది అట్లా వచ్చేది కాదు. మీరు మెచ్చుకోవాల్సింది దీన్ని.

ఎట్లా మెచ్చుకోవాలంటే, ఇద్దరే ఉన్నప్పుడు, చేతులకు గ్రీజు అంటుకుని ఉన్నప్పుడు, పనిలోంచి తల ఎత్తకుండా ఒక్కమాట. "ఆరోజు ఆ గీత గురించి అడిగావు చూడు, ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పానప్పా. ఇద్దరం చాలాసేపు నాయన సంగతులే మాట్లాడుకున్నాం." అంతే, మళ్ళీ పనిలో పడండి. అతను "సరేలే సార్" అని అటు తిరిగి నట్టు బిగిస్తాడు. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టకపోయినా ఆశ్చర్యం లేదు, సంతోషంతో.

మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్న వాక్యం కూడా ఒకటుంది. "ఈ కాలంలో ఇలాంటి పిల్లలు ఎక్కడున్నారు" అన్నారు. మెచ్చుకోలే అనుకుని అని ఉంటారు. వినే పిల్లవాడికి మాత్రం అందులో తన స్నేహితులందరికీ పడ్డ తిట్టు వినబడుతుంది. ఒకప్పుడు నేను పనిచేసిన ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడిని మీటింగులో నిలబెట్టి "మీరంతా ఇతన్ని చూసి నేర్చుకోండి" అన్నాను. గొప్ప పని చేశాననుకున్నాను. ఆ వారమంతా ఆ అబ్బాయి భోజనం దగ్గర ఒక్కడే కూర్చున్నాడు. నాకు అర్థం కావడానికి ఇంకో వారం పట్టింది. అతన్ని పొగిడే వంకతో ఇరవైమందిని కొట్టాను, ఆ దెబ్బలన్నీ పోయి అతనికే తగిలాయి. మీ ముగ్గురినీ మెచ్చుకునేటప్పుడు మిగతా ఊరి పిల్లల్ని మధ్యలోకి లాగకండి.

నాది ఆదోని. నాకు సైకిలు వచ్చింది అద్దె సైకిలు మీద. గంటకు అర్ధరూపాయి. మా వీధి చివర సాయిబు తాత షాపుండేది. సైకిళ్ళకు మడ్‌గార్డు మీద తెల్ల పెయింటుతో నంబర్లు. నాకెప్పుడూ పద్నాలుగో నంబరే కావాలి, సీటు కిందికి ఉంటుందని. పన్నెండేళ్ళప్పుడు ఒకరోజు జిన్నింగు మిల్లు గేటు దగ్గర పత్తిబండిని తప్పించబోయి పడ్డాను. ఎడమ పెడలు వంగిపోయింది. మోచెయ్యి కొట్టుకుపోయింది, అదేం పట్టలేదు, సైకిలు నడిపించుకుంటూ వస్తుంటే మా నాయనకు తెలిస్తే ఏమవుతుందనే టెన్షన్.

తాత పెడలు చూశాడు, నన్ను చూశాడు. ఏమీ అనలేదు. పెట్టెలోంచి స్పానర్ తీసి నా చేతికిచ్చి "విప్పు" అన్నాడు. నేను మామూలుగా నట్టు విప్పినట్టే తిప్పాను. రాలేదు. రెండు చేతులూ పెట్టి వేలాడాను. ఇంకా బిగుసుకుంది. ఆయన స్టూలు మీద కూర్చుని టీ సాసర్లో పోసుకుని తాగుతూ చూస్తున్నాడు. టీ అయిపోయాక లేచొచ్చి, "ఎడమ పెడలుది ఉల్టా మర అప్పా. అటు కాదు, ఇటు" అని నా చెయ్యి పట్టుకుని అటుపక్కకు తిప్పించాడు. కిర్రుమని వదిలింది. కుడి పెడలుది మామూలు మర, ఎడమదానిది తిరగేసిన మర. లేకపోతే తొక్కుతుంటే తొక్కుతుంటేనే వదులై ఊడిపోతుంది. ఈ ముక్క నేను పుస్తకంలో చదవలేదు, దెబ్బ తిన్న మోచేత్తో నేర్చుకున్నాను.

డబ్బులడగలేదు, మా నాయనకు చెప్పలేదు. అంతకంటే పెద్దది తర్వాతి శుక్రవారం జరిగింది. నమాజుకు పోతూ, ఎవరు ఏ నంబరు ఎన్నింటికి తీసుకుపోయారో రాసే నోటుబుక్కు నా చేతిలో పెట్టి "షాపు చూసుకో, వస్తా" అన్నాడు. ఆ అరగంటలో వచ్చినవాళ్ళు ఇద్దరే. ఇద్దరి పేర్లూ గుండ్రంగా, ఒకటికి రెండుసార్లు చూసుకుని రాశాను. ఇప్పటికి నాకు మూడు నాలుగు సన్మానాలు జరిగాయి. ఆ శాలువాలు ఏ బీరువాలో ఉన్నాయో మా ఆవిడకే తెలియాలి. ఆ నోటుబుక్కు అట్ట రంగు మాత్రం ఇప్పటికీ చెప్పగలను.

మీ దగ్గర అట్లాంటి నోటుబుక్కులు ఏమున్నాయో వెతకండి. పనిముట్ల పెట్టె ఎవరి దగ్గరుంటుంది? ఈసారి ఏ పాత సైకిలు విప్పాలో ఎవరు తేలుస్తారు? ఏ దారిన పోవాలో, ఎక్కడ ఆగాలో ఎవరు చెబుతారు? అన్నీ అరవై దాటినవాళ్ళే చూస్తున్నారనుకుంటా. ఒక్కోటి వదలండి. వదిలాక మళ్ళీ వెనకనుంచి డైరెక్షన్ ఇవ్వకండి, అదే కష్టం.

ఇక్కడ మీకొక చిన్న పరీక్ష. ఏదో ఒక ఆదివారం మీరో, మీ మిత్రుడో పాత సైకిలు కాటర్ పిన్ను, అదే పెడలు క్రాంకును ఇరుసుకు పట్టి ఉంచే పిన్ను, దాని నట్టు పూర్తిగా తీసేసి సుత్తితో బాదబోతారు. మనమందరం అట్లాగే బాదినవాళ్ళం, సగం పిన్నులు మర చితికి అక్కడే చచ్చాయి. డిప్లొమా అబ్బాయి, "సార్, నట్టు పూర్తిగా తీయద్దు, పిన్ను అంచుకు సమానంగా ఉంచండి. క్రాంకు కింద గట్టిగా ఆసరా పెట్టి ఒకటే దెబ్బ కొడదాం" అంటాడు. అందరి ముందర అంటాడు. అతను చెప్పిందే రైటు. అప్పుడు మీకేమనిపిస్తుందో చూసుకోండి. కాస్త చురుక్కుమంటే, మీకు ఇన్నాళ్ళూ నచ్చింది అతని మర్యాదా, ఎదురు మాట్లాడకపోవడమా అని ఓసారి ఆలోచించుకోవాలి. సుత్తి అతని చేతికిచ్చి పక్కకు జరిగితే, ఆ పదిహేనుమందిలో అంతకంటే పెద్ద సన్మానం లేదు.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి. ఫ్లెక్సీ మీద ఫోటో వేస్తామని ఆమెను అడిగారా? వాళ్ళింట్లో అడిగారా? ఉత్తరంలో ఆ మాట లేదు కాబట్టి అడగలేదనే అనుకుంటున్నాను. ఆడపిల్ల బొమ్మ నడిబజార్లో కట్టాక దాన్ని ఎవరు ఫోన్లో తీసుకుంటారో, ఏం రాసి పంపుతారో మీ చేతిలో ఉండదు. ఆదివారం పొద్దున్నే సైకిలు మీద బయటికి రావడానికి ఆమె ఇంట్లో ఏం చెప్పి ఒప్పించుకుందో మనకు తెలియదు. మీ అభిమానం వల్ల అది కాస్తా ఆగిపోయే ప్రమాదముంది. ఫ్లెక్సీ ఒక్కటే కాదు, గ్రూపు ఫోటోలు స్టేటస్‌లో పెట్టే అంకుల్స్ మీలో ఎవరైనా ఉంటే వాళ్ళకీ చెప్పండి. అడిగి పెట్టాలి, వద్దంటే ఎందుకని అడగకూడదు.

రెండోది, ఆమె మీ మిత్రుడి వెనకాల రావడం. చూడముచ్చటగానే ఉంది. కానీ మీరే అన్నారు, అందరికంటే జోరుగా తొక్కగలదని. అయితే ఏ ఆదివారమైనా ఆమె తన కాళ్ళకున్నంత జోరు తొక్కిందా? నెలకోరోజు ఆమెను, ఆమెతో సమానంగా రాగలిగినవాళ్ళను ఓర్వకల్లు దాకా ముందర వదిలేయండి. మీరు మెల్లగా వెళ్ళి ఉగ్గాణి, బజ్జీ ఆర్డరిచ్చి కూర్చోండి. ఒకసారి మీరు ఆమె కోసం ఎదురుచూడండి. హైవే మీద వెనక కాపలాగా ఒకరుండాల్సిన మాట నిజమే, లారీల రోడ్డు. ఆ పని వారానికొకరు వంతులేసుకుంటే సరిపోతుంది.

మోకాళ్ళాయనకు కోపమొస్తే ఈ కబురు చెప్పండి. ఫ్రాన్స్‌లో రాబర్ట్ మర్షాండ్ అనే ఆయన 2017 జనవరిలో, 105 ఏళ్ళ వయసులో, ట్రాకు మీద గంటకు 22 కిలోమీటర్ల పైచిలుకు తొక్కాడు. మీవాడికి ఇంకా బోలెడు టైముంది.

ఆమెకు దూరం తొక్కే సరదా ఉంటే బ్రెవే అనే పద్ధతి ఒకటుంది. పారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ నియమాల మీద ప్రపంచమంతా నడుస్తుంది, మన దేశంలోనూ తొక్కుతున్నారు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 300 అయితే 20 గంటల్లో, 600 అయితే 40 గంటల్లో పూర్తిచెయ్యాలి. నాలుగేళ్ళకోసారి పారిస్ నుంచి ఫ్రాన్స్‌లోనే ఉన్న బ్రెస్ట్ అనే ఊరి దాకా పోయి మళ్ళీ వెనక్కి, 1200 కిలోమీటర్లు, 90 గంటలు. నాకు ఇందులో నచ్చే సంగతేమంటే ఫస్టు, సెకండు ఉండవు. టైములోపల వచ్చినవాళ్ళంతా ఒకటే. పాతికేళ్ళ పిల్లా, అరవైయేళ్ళ తాతా ఒకే కాగితం పట్టుకుని ఒకే చోట ముద్ర వేయించుకుంటారు. ఆమె ఎప్పుడైనా 200కు సిద్ధమైతే శాలువా డబ్బుతో మంచి లైట్లు, రెండు ట్యూబులు కొనిపెట్టండి. వద్దంటుంది. "వెనకాల మేం నిద్రపోవాలి కదమ్మా, మా భయం కోసం తీసుకో" అనండి.

పంక్చర్ షాపు అబ్బాయి దగ్గర మాత్రం మీతో కొంచెం గట్టిగానే మాట్లాడాలి. "డబ్బులిస్తే తీసుకోడు" అని మెచ్చుకోలుగా రాశారు. తీసుకోడు సార్, ఎట్లా తీసుకుంటాడు? పదహారేళ్ళ పిల్లవాడు, ఎదురుగా లెక్చరర్లు, బ్యాంకు ఆఫీసర్లు. పదిహేను సైకిళ్ళకు గాలి, బ్రేకులు, చైన్లు. అదే పని షాపులో చేస్తే వాళ్ళింట్లో కూరగాయలొస్తాయి. పైగా షాపుకు ఆదివారం గిరాకీ రోజు. ఆ పూట కొడుకును మీతో పంపిన ఆ నాయన దగ్గర అసలు మర్యాద ఉంది, ఆయన మీ లిస్టులోనే లేడు.

ఈ వారంలో, మామూలు రోజున, షాపు తెరిచున్న టైములో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు పోండి. సైకిళ్ళు సర్వీసుకివ్వండి. ఎంతయిందో అడిగి, బేరం చెయ్యకుండా, డబ్బులు ఆ నాయన చేతికివ్వండి. ఆదివారం చేసిన పనులకూ ఇకమీదట లెక్క ఉంటుందని అప్పుడే తేల్చండి. ఆ తర్వాత, కొడుకు టైరు లోపల చెయ్యిపెట్టి ముల్లు వెతుకుతూ వినీవిననట్టు ఉన్నప్పుడు, "మీవాడు చూడకపోతే ఆ రోజు గట్టు దిగేటప్పుడు నా బ్రేకు పట్టేది కాదు" అని జరిగిన సంగతి జరిగినట్టు చెప్పండి. కొడుకు పుట్టినప్పటికంటే నలుగురూ ఆ కొడుకును మెచ్చుకున్నప్పుడే తండ్రికి అసలు సంతోషమని బడిలో అందరం పద్యం వల్లించినవాళ్ళమే. ఆ సంతోషాన్ని ఆయన ముఖంలో చూడాలంటే బురుజు దగ్గర మైకు పనికిరాదు, షాపులో స్టూలు మీద కూర్చోవాలి. ఇంటర్ చదువుతున్నాడేమో కూడా కనుక్కోండి. చదువుతుంటే మీ సబ్జెక్టులో మీరు చెప్పగలరు, దానికి అతను మీకు ఫీజు ఇవ్వాలా వద్దా అనేది మీరిద్దరూ చూసుకోండి.

డిప్లొమా అబ్బాయి ఎందుకు రావడంలేదో నిజంగా మనకు తెలియదు. సిగ్గయ్యుండచ్చు, పరీక్షలయ్యుండచ్చు, ఇంట్లో ఏదైనా పనే అయ్యుండచ్చు. ఎందుకు రాలేదని మళ్ళీ ఫోన్ చెయ్యకండి. ఇంటికి అసలు పోకండి, పదిహేనుమంది పెద్దమనుషులు గుమ్మంలో నిలబడితే వాళ్ళమ్మ భయపడుతుంది. ముందు గ్రూపులో సన్మానం రద్దయిందని ఒక్క లైను పెట్టండి, కారణాలు రాయకుండా. రెండు రోజులాగి అతనికి విడిగా మెసేజ్ చెయ్యండి. "రాలీ వెనకచక్రం తిప్పితే కటకటమంటోంది. కోను బిగువయిందా, బేరింగు బాల్స్ పోయాయా తెలియట్లేదు. నీకు వీలున్న సాయంత్రం చూస్తావా?" శబ్దం నిజంగా వస్తుంటేనే రాయండి. రాకపోతే ఇంకేదైనా నిజమైన రిపేరు ఉంటుంది, అరవైయేళ్ళ సైకిలుకు రిపేర్ల కొరతా? సన్మానానికి రాని పిల్లవాడు రిపేరుకు వస్తాడు.

ఇక సైకిలు ఇవ్వడం. మంచి ఆలోచనే, కానీ ముందు బెంగళూరుకు ఫోన్ చెయ్యండి. మీవాడికి సైకిళ్ళంటే ఆసక్తి లేకపోవచ్చు, అయినా అది అతని జేజినాయన బండి. ఇవాళ "నాకెందుకు నాయనా" అన్నవాడే పదేళ్ళ తర్వాత కూతురికి చూపించాలని అడగచ్చు. అప్పుడు ఇరుకున పడేది ఆ అబ్బాయి. ఫోన్లో ఇస్తున్నానని మొదలుపెట్టకుండా ఆ బురద గీత కథ చెప్పండి. విన్నాక మీవాడే ఇచ్చెయ్యమంటాడో, తనే ఉంచుకుంటానంటాడో చూడండి. రెండూ మంచివే.

ఇస్తే మాత్రం షరతులు పెట్టకండి. అమ్మకూడదు, రంగు మార్చకూడదు, ఆదివారాలు తేవాలి అని చెప్పి ఇస్తే అది బహుమతి అవదు, కాపలా పని అవుతుంది. పాత రాలీలకు మంచి ధర పెట్టేవాళ్ళున్నారు. రేపు ఫీజు కట్టాల్సొచ్చి అమ్ముకున్నా మీరు ముఖం మాడ్చుకోకూడదు. అంత మనసు లేదనిపిస్తే, తప్పేమీ లేదు, సైకిలు మీ దగ్గరే పెట్టుకుని తాళంచెవి ఒకటి అతనికివ్వండి. వాళ్ళింట్లో అంత పొడుగు బండి పెట్టడానికి చోటుందో లేదో కూడా అడగాలి. ఆలోపు ఇద్దరూ కూర్చుని ఒక పని చేయచ్చు. ఆ బండి ఇంగ్లండులో తయారై వచ్చిందా, మన అసన్‌సోల్‌లో సెన్ రాలీ ఫ్యాక్టరీలో తయారైందా అని ముందున్న కంపెనీ బిళ్ళ, ఫ్రేము నంబరు చూసి తేల్చండి. ఒకటి రెండు సాయంత్రాలు హాయిగా గడిచిపోతాయి.

ఫ్లెక్సీ అడ్వాన్సు సంగతి మర్చిపోయాను. తిరిగి ఇవ్వనంటే పోట్లాడకండి, ఏమీ ప్రింటు చెయ్యకుండా ఆ తెల్లగుడ్డే తెచ్చేసుకోండి. వెనకచక్రం హబ్బు విప్పేటప్పుడు కింద పరుచుకుంటే బాల్స్ ఎటు దొర్లినా కనబడతాయి.